ఫీజు కట్టినా ఆగిపోబోయిన చదువు: ప్రకాశం మెట్ట ప్రాంతపు ఒక విద్యార్థిని కేస్ స్టడీ

పేద కుటుంబాల ఆడపిల్లల పై చదువులకు ఆర్థిక సాయమూ, తోడుగా ఒక మార్గదర్శినీ ఇచ్చే చిన్న ట్రస్టులో నేను ఒంగోలు నుంచి పనిచేస్తున్నాను. 2022లో మా సాయంతో డిగ్రీలో చేరి 2025లో పూర్తి చేసిన ఒక అమ్మాయి చదువు ఎలా సాగిందో, ఎక్కడ ఆగిపోబోయిందో ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. ఆమె, ఆమె తల్లి చదివి ఒప్పుకున్న తరువాతే దీన్ని బయటపెడుతున్నాను. వారు కోరినట్టే ఊరి పేరు, కళాశాల పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఇందులో అరుదైన సంఘటన ఏదీ లేకపోవడమే. మా జాబితాలో ఉన్న చాలా ఇళ్లలో విడివిడిగా వచ్చే కష్టాలు ఈ ఇంట్లో ఒకే నెలలో కలిసి వచ్చాయి. అందువల్ల ఏ సాయం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో మాకు ఇక్కడ తేటగా కనిపించింది.

కుటుంబం, దాని రాబడి

పొదిలి, మర్రిపూడి, కనిగిరి చుట్టుపక్కలంతా మెట్ట. వాన పడితే కంది, మిరప, కౌలు దొరికిన వారికి పొగాకు, ఏదీ లేనివారికి హైదరాబాద్‌లో బేల్దారి (ఇళ్లు కట్టే తాపీ) పని. ఈ అమ్మాయిది సెంటు భూమి లేని ఎస్సీ కుటుంబం. తండ్రి ఏడాదిలో ఎక్కువ నెలలు హైదరాబాద్‌లో మేస్త్రి దగ్గర ఉంటాడు, సంక్రాంతికీ తిరునాళ్లకూ ఇంటికి వస్తాడు. తల్లి పండగ దాటాక పొగాకు పనికి పోతుంది: పచ్చాకును కర్రలకు అల్లడం, బ్యారన్‌లో (ఆకును వేడికి ఆరబెట్టే గదిలో) కాలి దిగిన ఆకును రంగును బట్టి, మచ్చను బట్టి వేరుచేసి గ్రేడు కట్టడం. ఇంటి దగ్గర నాయనమ్మ, ఈమె తరువాత ఒక చెల్లెలు, ఒక తమ్ముడు.

ఈ ఇంటి రాబడి ఎంత అన్నదానికంటే ఎప్పుడు వస్తుందన్నది మా పనికి ముఖ్యం. పొగాకు పని సంక్రాంతి తరువాత మొదలై వేసవి చివరిదాకా ఉంటుంది. వేలం కేంద్రాలు మూతపడే వేళకు గ్రేడింగు కూలీ కూడా ముగుస్తుంది. వచ్చిన డబ్బు ఏడాది పొడవునా చేసిన చేబదుళ్లకూ, పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు వాయిదాలకూ పోతుంది. సరిగ్గా చేతిలో ఏమీ మిగలని ఆ జులై, ఆగస్టు నెలల్లోనే డిగ్రీ ప్రవేశాలు, హాస్టల్ అడ్వాన్సు, పుస్తకాలు, రికార్డులు అన్నీ మీదపడతాయి. ఏడాది ఆదాయాన్ని ఒకే అంకెగా చూపే ఆదాయ ధ్రువపత్రంలో ఈ సంగతి కనబడదు. మేము ఎంపికకు ముందు ఇంటికి వెళ్లినప్పుడు "ఏడాదికి ఎంత వస్తుంది?" అని అడగడం మానేసి "ఏ నెలలో చేతిలో డబ్బు ఉండదు?" అని అడుగుతాం. తల్లులు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెబుతారు.

అమ్మాయి ఆరో తరగతి నుంచి ఇంటర్ బైపీసీ దాకా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చదివింది. అక్కడ బస, భోజనం, పుస్తకాలు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. అందువల్ల చదువుకు ఖర్చవుతుందన్న సంగతి ఆ కుటుంబానికి మొదటిసారి తెలిసింది డిగ్రీ దగ్గరే. ఊళ్లో చాలామంది ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆగడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. వసతి విద్యాలయం ఆ వయసు దాటేదాకా పిల్లను కాపాడుతుంది, ఆ తరువాత ఇల్లు ఒంటరిగా నిర్ణయించుకోవాల్సి వస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

బీయస్సీ డిగ్రీ సీటు ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా ఒంగోలులోని ఒక ప్రైవేటు కళాశాలలో వచ్చింది. ఆ రోజుల్లో ట్యూషన్ ఫీజుకు విద్యా దీవెన, బస, భోజనాలకు వసతి దీవెన పథకాలు ఉండేవి. వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థులకు ఏడాదికి 20,000 రూపాయలు, రెండు విడతలుగా తల్లి ఖాతాలో పడేవి. ఈ సాయాన్ని నేను చిన్నచూపు చూడను. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఈ అమ్మాయి కళాశాల గడప తొక్కేది కాదు. అయితే ప్రభుత్వ కళాశాల హాస్టల్‌లో సీటు దొరికేదాకా ఆమె ఉన్న ప్రైవేటు హాస్టల్‌కు నెలకు 4,500 రూపాయలు కట్టాలి. పది నెలలకు 45,000. వసతి దీవెన పోను 25,000 రూపాయలు మిగిలిపోతాయి. అదీ విడత సకాలంలో పడితే. విడత ఆలస్యమైతే మెస్ బిల్లు ఆగదు కాబట్టి తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాల్సి వచ్చేది.

మా సాయాన్ని ఆ సందులోకి సరిపోయేలా మలిచాం. జులైలో హాస్టల్ అడ్వాన్సుకు ఒక పెద్ద విడత, ఆ తరువాత ప్రతినెలా మొదటివారంలో ఒక చిన్న మొత్తం, సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువుకు పదిరోజుల ముందు మరో మొత్తం. ఏడాదికి ఒకేసారి చెక్కు ఇచ్చే సాయంతో పోలిస్తే దీనికి మా ఆఫీసులో పని ఎక్కువ. కానీ ఆగస్టులో రావాల్సిన డబ్బు జనవరిలో వస్తే అది చదువుకు చేరదు, అప్పటికే పెరిగిన వడ్డీకి చేరుతుంది.

కాగితాల పని

మొదటి ఏడాది మా శ్రమలో ఎక్కువ భాగం దీనికే పోయింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అమ్మాయి ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంది. ఒక్క అక్షరం తేడా. పుట్టిన తేదీ కూడా ఆధార్‌లో జనవరి ఒకటిగా పడింది. మన ఊళ్లలో బడిలో చేర్పించేటప్పుడో, ఆధార్ క్యాంపులోనో తేదీ తెలియక ఇలా వేసిన పిల్లలు లెక్కలేనంతమంది ఉన్నారు. ఆధార్‌లో పేరును రెండుసార్లే, పుట్టిన తేదీని ఒక్కసారే మార్చుకోవచ్చు. కాబట్టి కంగారుపడి మీసేవలో ఏదో ఒకటి మార్పించేస్తే ఉన్న అవకాశం కాస్తా పోతుంది. పదో తరగతి మెమోను ప్రామాణికంగా పెట్టుకుని, దానిలో ఉన్న స్పెల్లింగునే ఆధార్‌లోకి, అక్కడి నుంచి బ్యాంకు పాసు పుస్తకంలోకి, కుల ధ్రువపత్రంలోకి వరుసగా తెచ్చాం. ఈ వరుస తప్పకూడదు.

రెండో చిక్కు బ్యాంకు ఖాతాది. పదో తరగతి తరువాతి చదువులకిచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఎస్సీ విద్యార్థులకు 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం తన వాటాను విద్యార్థి ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోకి నేరుగా వేస్తుంది. దరఖాస్తులో మనం ఏ ఖాతా నంబరు రాశామన్నది ఇక్కడ చెల్లదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర ఆధార్‌కు ఏ ఖాతా జతపడి ఉందో దానిలోకే డబ్బు పోతుంది. ఈ అమ్మాయి ఆధార్‌కు జతపడి ఉన్నది ఎప్పుడో ఊళ్లో తెరిచి, లావాదేవీలు లేక స్తంభించిపోయిన ఖాతా. "పడలేదు మేడమ్, అందరికీ పడింది నాకే పడలేదు" అని ఆమె ఏడుస్తూ ఫోన్ చేసిన రోజున మా మార్గదర్శి చేసిన పని ధైర్యం చెప్పడం కాదు. ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, అనుసంధానాన్ని వాడుకలో ఉన్న ఖాతాకు మార్పించి, గ్రామ సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడి దగ్గర ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) పూర్తిచేయించడం.

మార్గదర్శి

మేము జతచేసిన మార్గదర్శి కొండపి వైపు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని. తన ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అమ్మాయి మొదటి రోజు "మేడమ్" అంది, నెల తిరిగేసరికి "అక్కా" అనసాగింది. పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవారిని మార్గదర్శులుగా పెట్టాలని మాకు సలహాలు వస్తూ ఉంటాయి. అటువంటి వారిని ఏడాదికొకసారి సభకు పిలిస్తే పిల్లలకు ఉత్సాహం కలుగుతుంది, కాదనను. కానీ సెమిస్టర్ మధ్యలో ఒక పేపర్ తప్పిన పిల్ల రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేయగలిగేది తనకంటే నాలుగు మెట్లు పైనున్న అక్కకే.

ఇక్కడ మేము గట్టిగా పాటించే నియమం ఒకటుంది: మార్గదర్శి చేతిమీదుగా ఒక్క రూపాయి కూడా వెళ్లదు. డబ్బు ఇచ్చే మనిషికి పిల్లలు నిజం చెప్పరు. మార్కులు తగ్గాయని, హాజరు తక్కువైందని, ఇంట్లో సంబంధం చూస్తున్నారని చెబితే సాయం ఆగుతుందేమోనన్న భయం వారికి ఉంటుంది. ఆ భయానికి ఆధారం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం కళాశాల విద్యార్థులకు ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఏటా కొనసాగాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ప్రజాధనం విషయంలో అటువంటి షరతు అవసరమే కావచ్చు. మాలాంటి చిన్న సంస్థ మాత్రం మొదటిసారి పేపర్ తప్పినప్పుడు సాయం ఆపకూడదు. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చిన పిల్ల మొదటి సెమిస్టర్‌లో తడబడటం సహజం. ఈ అమ్మాయి కూడా ఫిజికల్ కెమిస్ట్రీ తప్పింది. మార్గదర్శి అదే కళాశాలలో చదువు ముగించిన మా పాత విద్యార్థినిని ఆదివారాలు కూర్చోబెట్టింది. సప్లిమెంటరీలో ఆ పేపర్ గట్టెక్కింది.

నీళ్ల సర్వే

2023 వేసవిలో డిగ్రీ పాఠ్యక్రమంలో భాగంగా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాల్సి వచ్చింది. చాలామంది దీన్ని ఒకరి రిపోర్టు చూసి ఇంకొకరు రాసి ముగిస్తారు. మార్గదర్శి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ ఊళ్లో కెమిస్ట్రీతో పనున్న సంగతి ఏముంది?" మెట్ట ప్రాంతంలో పుట్టిన పిల్లకు దీనికి జవాబు వెతుక్కోనక్కర్లేదు. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవారు, కీళ్లు బిగిసి నడుము వంగినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆమె నాయనమ్మ కూడా వారిలో ఒకరు.

గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి పరీక్ష కిట్టు తీసుకుని, ఊళ్లోని బోర్లు, చేతిపంపుల నీళ్లు సీసాల్లో పట్టి వరుసగా అరుగుమీద పెట్టింది. రసాయనం చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది; ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ రంగు పసుపు వైపు తిరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాలనీలో అందరూ వాడే పంపు సీసా పసుపుకు తిరిగినప్పుడు చుట్టూ చేరినవారిలో నాయనమ్మ కూడా ఉంది. ఏ పంపు నీళ్లు వాడుకకు మాత్రమే పనికొస్తాయో, ఏది తాగొచ్చో అమ్మాయి చీటీలు రాసి అంటించింది. ఆ రిపోర్టుకు ఎన్ని మార్కులు వచ్చాయో నాకు ముఖ్యం కాదు. ఆ ఇంట్లో "బీయస్సీ" అన్న మాటకు అప్పటిదాకా లేని రూపం వచ్చింది. ఆరునెలల తరువాత అది ఆమెను కాపాడింది.

2024 జనవరి

సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్లిన తండ్రి పనిచేసే చోట పరంజా మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. అయితే ఆరునెలల కూలీ పోవడానికీ, ఆస్పత్రిలో తోడున్నవారి తిండికీ, రాకపోకలకూ ఏ పథకమూ లేదు. హాస్టల్ కోసం పక్కన పెట్టిన డబ్బు అటు వెళ్లింది. అదే సమయంలో కళాశాల, ఫీజు విడత ఇంకా పడలేదు గనుక బకాయి కడితేనే హాల్‌టికెట్ ఇస్తామంది. ఇంకొక పక్క తల్లి అన్నగారు తమకు తెలిసిన సంబంధం తెచ్చారు. అబ్బాయికి ఒంగోలులో పని ఉంది, కట్నం పెద్దగా అడగడం లేదు. అమ్మాయికి ఇరవై ఏళ్లు. చట్టం అడ్డుపడే వయసు కాదు. తండ్రి మంచాన ఉన్న ఇంట్లో ఒక బాధ్యత తీరిపోతుందన్న ఆలోచన తప్పని ఎవరంటారు?

అమ్మాయి మార్గదర్శికి ఫోన్ చేసి, "నేను ఇంటికి పోతున్నా అక్కా, మళ్లీ రాకపోవచ్చు" అని మాత్రం చెప్పింది.

మేము చేసిన పనుల్లో మొదటిది సులువైనది. కళాశాల బకాయిలో కొంత, పరీక్ష ఫీజు పూర్తిగా ట్రస్టు తరఫున కట్టి, మిగతాది విడత పడగానే చెల్లిస్తామని రాతపూర్వకంగా ఇచ్చాం. ప్రిన్సిపాల్ ఒప్పుకుని హాల్‌టికెట్ ఇచ్చారు. రెండోది, నెలసరి సాయాన్ని నాలుగు నెలలపాటు పెంచి, పెంచిన భాగాన్ని అమ్మాయి ఖాతాలో కాక తల్లి ఖాతాలో వేశాం. దీనిపై మా కమిటీలో వాదన జరిగింది. విద్యార్థినికి ఇచ్చే డబ్బు ఇంటి ఖర్చుకు పోతుందన్నది ఒక అభ్యంతరం. పోవాలనే నేను వాదించాను. పూట గడవని ఇంట్లో పెద్దకూతురు హాస్టల్‌లో కూర్చుని చదవలేదు. తల్లి చేతిలో ఏ కొంచెమైనా ఉంటేనే ఆమె "పిల్లను కదిలించొద్దు" అని తన అన్నతో అనగలుగుతుంది.

మూడోది మార్గదర్శి ఊరికి వెళ్లి మాట్లాడటం. నేనూ వెంట వెళ్లాను, కానీ మాట్లాడింది ఆమే. పెళ్లి వద్దని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఇంటి ఆడవాళ్ల ముందు పెళ్లిని తప్పుపడితే, ఆ వయసులోనే పెళ్లయి ఇన్నేళ్లు కూలీనాలీ చేసి పిల్లల్ని పెంచిన వారి బతుకును తప్పుపట్టినట్టవుతుంది. ఆమె అడిగింది ఒక్కటే: "ఇంకో ఏడాదిన్నరే పెద్దమ్మా. డిగ్రీ పట్టా చేతికొచ్చాక సంబంధం రాకుండా పోతుందా?"

తల్లి, "మా వాళ్లు మాట పోయిందంటారు మేడమ్. నేను పొద్దున ఆకు పనికి పోతే సందెకాడ గానీ రాను, ఆయన్ని ఎవరు చూసిద్దురు?" అంది.

అసలు చిక్కు అక్కడుంది. పెళ్లి మాట వెనుక మంచంమీది మనిషికి అన్నం పెట్టే చేయి ఎవరిదన్న ప్రశ్న ఉంది. దానికి జవాబు ఇచ్చింది మేము కాదు, నాయనమ్మ. "కొడుకుని నేను చూసుకుంటాలే. నీళ్లు చిన్నది మోసిద్ది. ఈ పిల్లని చదువుకోనీ, ఊరికి నీళ్లు చెప్పింది గదా" అంది. సంబంధం తెచ్చిన మేనమామకు జవాబు చెప్పే భారం కూడా ఆమే తీసుకుంది. ఇంటి పెద్దామె నోట ఒకసారి ఆ మాట వచ్చాక మళ్లీ ఎవరూ దాన్ని తిరగదోడలేదు.

మా ప్రాంతంలో ఆడవాళ్ల చదువూ ఆడవాళ్ల మాటా ఎప్పుడూ కలిసే నడిచాయి. స్వాతంత్ర్య సమరయోధురాలు పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో కస్తూరీదేవి విద్యాలయాన్ని స్థాపించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న కూలీ ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. తల్లులనూ అవ్వలనూ పక్కనపెట్టి పిల్లతో మాత్రమే మాట్లాడే మార్గదర్శనం ఇక్కడ నిలవదని నేను నమ్ముతాను. ఇప్పుడు మా మార్గదర్శులందరూ చేరిన మొదటి ఏడాదిలోనే ఒకసారి ఇంటికి వెళ్లి, అవ్వ ఉంటే అవ్వతో, తల్లితో కూర్చుని మాట్లాడి రావాలి. కష్టం వచ్చాక మొదటిసారి గుమ్మంలో నిలబడిన మనిషి మాటకు అక్కడ విలువ ఉండదు.

ఇలా అన్ని ఇళ్లలో జరగదని కూడా చెప్పాలి. ఇదే బ్యాచ్‌లో కొత్తపట్నం తీరం నుంచి వచ్చిన మరో అమ్మాయి రెండో ఏడాదిలో పెళ్లయి చదువు మానేసింది. ఆ ఇంట్లో ఆమె వైపు మాట్లాడే పెద్దదిక్కు లేదు. దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేయించేందుకు ఆమెతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం.

ఆ తరువాత

2024 ఎన్నికల సమయంలో విడతలు నిలిచిపోయాయి. ప్రభుత్వం మారాక ఫీజు డబ్బు తల్లుల ఖాతాలకు కాకుండా నేరుగా కళాశాలల ఖాతాలకు వెళ్లే పద్ధతి తిరిగి వచ్చింది. కుటుంబం మీద ఒత్తిడి తగ్గించడానికి ఈ పద్ధతి మేలు, తల్లి చేతికి వచ్చే అధికారం విషయంలో పాత పద్ధతి మేలు. రెండూ చూసినవాణ్ణిగా ఇంతే చెప్పగలను. చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. జీతం లేని ఆ నెలల్లో ప్రయాణం, భోజనం ఖర్చు పెరుగుతుందని ముందే తెలుసు కాబట్టి సాయాన్ని ఆ నెలలకు ఎక్కువగా సర్దాం. నీటి పరీక్షల ప్రయోగశాల ఒకదానిలో ఆమె ఇంటర్న్‌షిప్ ముగించి 2025లో డిగ్రీ పూర్తిచేసింది.

2020 చివరలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ ఆపేసిన తరువాత మా పిల్లలకు పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ ఆప్షన్లలో విశ్వవిద్యాలయ ప్రాంగణాలనే ముందు పెట్టమని చెబుతూ వచ్చాం. ఈమె అలాగే పెట్టి కెమిస్ట్రీ ఎమ్మెస్సీలో చేరింది. తండ్రి ఇప్పుడు బేల్దారి పనికి వెళ్లలేక ఊళ్లోనే వాచ్‌మన్‌గా ఉన్నాడు.

చెల్లెలు పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరింది. సాంకేతిక కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. దరఖాస్తును మొదటి ఏడాదిలోనే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి, అప్పుడు పెట్టకపోతే తరువాత కుదరదు. ప్రగతి తీసుకుంటే ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వదులుకోవాల్సి వస్తుంది కాబట్టి ఏది లాభమో లెక్కవేసి ఎంచుకోవాలి. చెల్లెలి విషయంలో ఆ లెక్క వేసిందీ, ఆధార్, మెమో, బ్యాంకు ఖాతా మూడూ సరిచూసిందీ అక్కే. మా ఆఫీసుకు దరఖాస్తు వచ్చేసరికి దిద్దడానికి మాకేమీ మిగల్లేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మా లెక్కల్లో ప్రయాణానికి కేటాయించిన మొత్తాన్ని ఈ ఏడాది నుంచి ఇంటర్న్‌షిప్ నెలలకూ, జులై విడతకూ కలుపుతున్నాం. మెట్ట మండలాల నుంచి వచ్చే పిల్లలకు ఆ జులై విడతను ప్రవేశాల షెడ్యూలు వెలువడిన వారంలోనే, సీటు ఖరారు కాకముందే ఇవ్వాలన్న ప్రతిపాదన కమిటీ ముందుంది. సీటు వచ్చాక చేరకపోతే డబ్బు వెనక్కి రాదన్న అభ్యంతరం ఉంది. చేరకపోవడానికి చాలా ఇళ్లలో కారణం ఆ వారంలో చేతిలో డబ్బు లేకపోవడమే కాబట్టి, ఆ మాత్రం నష్టానికి మనం సిద్ధపడాలని నేను వచ్చే సమావేశంలో వాదించబోతున్నాను.